లోకల్ అంటే ఎవరు?

మన కె.కోటపాడులో గవర్నమెంటు ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టే పిల్లలు ముందు వెతుక్కునేది స్టడీ సర్టిఫికెట్లే. లోకల్ అని తేలాలి కదా!

మైరన్ వీనర్ అని, అమెరికాలో రాజనీతి శాస్త్రవేత్త. 1978లో 'సన్స్ ఆఫ్ ది సాయిల్' అనే పుస్తకం రాశారు. వలస అంటే మనకి వీసా గుర్తొస్తుంది. ఈయన దేశం లోపలి వలసలు చూశారు: అస్సాం, ఛోటానాగపూర్, హైదరాబాద్. స్థానికుల పిల్లలూ చదువుకుని, వలసొచ్చినవాళ్ళ చేతిలో ఉన్న ఉద్యోగాలే అడిగినప్పుడు గొడవ ముదురుతుందంటారు.

హైదరాబాదులో ముల్కీ నిబంధనలు నిజాం కాలంవి. పదిహేనేళ్ళు అక్కడ ఉంటేనే ముల్కీ. మన రాజ్యాంగంలో 16(3) చూడండి, ఉద్యోగానికి నివాసం షరతు పెట్టే అధికారం పార్లమెంటుకే, అసెంబ్లీకి లేదు. పార్లమెంటు 1957లో చట్టం చేస్తే, 1969లో సుప్రీంకోర్టు తెలంగాణ షరతు కొట్టేసింది. రాష్ట్రం మొత్తానికైతే పెట్టొచ్చు, ఒక ముక్కకి కుదరదంది. 1972లో అదే కోర్టు ముల్కీ చెల్లుతుందనేసరికి ఇటు జై ఆంధ్ర లేచింది. ఆ తర్వాతే 371-డి, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు. నాలుగేళ్ళ చదువు లెక్క అందులోదే.

ఆ లెక్కన, నాన్న బదిలీ వల్ల రాజమండ్రిలో చదివిన మనూరి కుర్రాడు అక్కడ లోకల్. ఇల్లూ పొలమూ ఉన్న ఇక్కడేమో నాన్ లోకల్!