సి.డి. ప్లేట్లకు డి.వి.డి. యంత్రం
(వ్యాసర్పాడి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి తిని, పంచాంగం విని, పులిహోర కోసం ఎదురుచూస్తున్న మిమ్ములను యంత్రాల మాటలతో విసిగించడం మాకు ఇష్టం లేదు. కాని కిందటి సంవత్సరం కార్యవర్గం వారు మా ముగ్గురికి ఒక పని అప్పగించినారు. ఆ పని ఎంతవరకు వచ్చినదో, సంఘం డబ్బు ఎట్లా ఖర్చయినదో మీకు మనవి చేసుకోవడం మా విధి.

మన సంఘం బీరువాలో ఒక అట్టపెట్టె ఉన్నది. అందులో అరవైకి పైగా సి.డి. ప్లేట్లు. కొన్ని అంగట్లో కొన్నవి: ఘంటసాల వారి భగవద్గీత, బాలమురళీకృష్ణ గారి కచేరీలు. అవి పాడైతే మళ్లీ ఎక్కడో సంపాదించవచ్చు. తక్కినవి మనవి. మన ఉగాది సభలలో మన వాళ్లు పాడినవి, ఆడినవి, మాట్లాడినవి. మొదట టేపు మీద పట్టి, తరువాత ప్లేట్ల మీదకు ఎక్కించినారు. బకింగ్‌హామ్ కర్నాటిక్ మిల్లులోనూ, పెరంబూరు రైలు కార్ఖానాలోనూ చెమటోడ్చిన పెద్దల గొంతులు వాటిలో ఉన్నవి. మిల్లు 1996లో మూతపడినది. ఆ పెద్దలలో చాలమంది ఇప్పుడు లేరు. 2004 ఉగాదినాడు ఒక అవ్వ పాడిన సువ్వి పాటలు మీలో కొందరికి జ్ఞాపకం ఉండవచ్చు. నెల్లూరు జిల్లా నుంచి కాపురానికి వచ్చి, ఈ వ్యాసర్పాడిలోనే కన్నుమూసిన మనిషి. ఆమె మునిమనుమరాలు బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుకుంటున్నది. కిందటి ఉగాదికి వచ్చి, “మా అవ్వ పాట వేయండి తాతా” అని అడిగినది. ప్లేటు పెట్టినాము. మన పాత సి.డి. యంత్రం గిర్రున తిరిగి, ప్లేటు లేదని చెప్పి ఊరుకున్నది. మెకానిక్కు విప్పి చూసి, లేజరు కన్ను అరిగిపోయినది, ఆ మోడలుకు విడిభాగం దొరకదు అన్నాడు. ఇదీ కథారంభం.

కొత్త యంత్రం కొందామంటే ధర అడిగి వెనక్కి వచ్చినాము. మంచి సి.డి. ట్రాన్స్‌పోర్టు అంటే పదుల వేల మాట. ట్రాన్స్‌పోర్టు అంటే మన వీధి చివర నిలబడే లారీ కాదు. అయినా లారీతో పోల్చితేనే సులభంగా బోధపడుతుంది. ప్లేటు మీద పాట ఉండదు, అంకెలు ఉంటవి. సెకనుకు 44,100 మార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లుగా, కుడికి ఒకటి ఎడమకు ఒకటి చొప్పున రాసి పెట్టినారు. అంటే సెకనుకు 14,11,200 బిట్లు. ఈ సరుకును ప్లేటు మీదనుంచి ఎత్తి, చెదరకుండా మోసుకుపోయి దించేదే ట్రాన్స్‌పోర్టు. దించిన అంకెలను మళ్లీ శబ్దంగా మార్చేది వేరొక పెట్టె; దానిని డాక్ అంటారు. ఆపైన ఆంప్లిఫయరు, స్పీకర్లు ఎప్పుడూ ఉన్నవే.

సరుకు చెదరకుండా చేరితే చాలునన్నప్పుడు లారీకి వెండి తొడుగు ఎందుకు? ఇంటింటా అటక మీద పడి ఉన్న డి.వి.డి. యంత్రం ఈ పని చేయగలదు. వెనుక నారింజరంగు రంధ్రం ఉంటే దానిని కోయాక్సియల్ అంటారు, 75 ఓముల తీగ పెట్టాలి. చిన్న చదరపు రంధ్రానికి మూత ఉండి లోపల ఎర్రగా వెలుగుతుంటే అది ఆప్టికల్. రెండింటిలోనూ పోయేది అవే అంకెలు. మన హాలులో ఎర్తు సరిగా లేక స్పీకర్లు గుంయ్‌మంటవని మీకు తెలుసును. ఆప్టికల్ తీగలో కరెంటు పారదు, వెలుగు పారుతుంది. కాబట్టి ఆ గుంయ్‌మనే రొద ఈ దారిన రాదు. మేము దానినే కోరుకున్నాము.

ఇక్కడ మాలో మాకు తగాదా వచ్చిన సంగతి దాచడం ధర్మం కాదు. మాలో ఒకరు బరువైన యంత్రమైతేనే పాట నిండుగా ఉంటుందని పట్టుబట్టినారు. తక్కిన ఇద్దరం బిట్లు బిట్లే గదా అన్నాము. అంకెలు చేరే సమయంలో సూక్ష్మమైన తొట్రుపాటు ఉంటుందనే మాట నిజమే. కాని ఇప్పటి డాక్ పెట్టెలు దానిని చాలావరకు సరిదిద్దుకుంటవి. తెర వెనుక రెండు యంత్రాలు మార్చి మార్చి వేసి ఆయన్ను చెప్పమన్నాము. చెప్పలేకపోయినారు. ఒప్పుకోనూ లేదు. ఇప్పటికీ ఒప్పుకోరు. ఆయన ముందు వరుసలోనే కూర్చున్నారు.

ఒక ఆదివారం నాడు కాదు, మూడు శనివారాలు జీవా స్టేషనులో రైలెక్కి, బేసిన్ బ్రిడ్జి దాటి సెంట్రలులో దిగి, మౌంటు రోడ్డు పక్కన రిచీ వీధికి పోయినాము. పూర్వం ఇట్లాంటి పాత సామానుకు మూర్ మార్కెట్టు ఉండేది. అది 1985లో కాలిపోయినది. ఇప్పుడు మనబోటివాళ్లకు రిచీ వీధే దిక్కు. వ్యాపారి యంత్రం ఆన్ చేసి, “ఓడుదు సార్, నల్లా ఓడుదు” అన్నాడు. తిరిగితే సరిపోదయ్యా, చదవాలి అని మేము మా సంచీ విప్పినాము. సంచీలో నాలుగు ప్లేట్లు, చిన్న డాక్ పెట్టె.

మొదటిది అంగట్లో కొన్న మంచి ప్లేటు. దానిని అన్నీ చదివినవి. రెండవది ఇంట్లో కంప్యూటరులో రాసుకున్న ప్లేటు. అసలు పరీక్ష ఇదే. అంగడి ప్లేటులో గుంటలు అచ్చుపోసి ఉంటవి. ఇంట్లో రాసుకున్న దానిలో రంగుపూతను లేజరుతో కాల్చి గురుతులు పెడతారు. సి.డి.ని చదివే లేజరు 780 నానోమీటర్లది, కంటికి కనబడదు. డి.వి.డి.ని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర వెలుగు. ఇంట్లో రాసిన ప్లేటు ఎర్ర వెలుగును సరిగా తిప్పి కొట్టదు. అందుచేత తొలిరోజుల డి.వి.డి. యంత్రాలు కొన్ని వీటిని చదవలేకపోయినవి. రెండు వెలుగులూ ఉన్న యంత్రమే మనకు పనికివస్తుంది. మన పెట్టెలో అన్నీ ఇట్లాంటివే గనుక, ఈ పరీక్షలో తప్పిన యంత్రాన్ని ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టినాము.

మూడవది గీతలు పడిన ప్లేటు. నాలుగవది సభలో పట్టిన కచేరీ. ఆలాపన ఒక భాగమూ, కృతి తరువాతి భాగమూ అయినప్పుడు, కొన్ని యంత్రాలు మధ్యలో ఒక క్షణం గుటక వేస్తవి. సినిమా పాటలకు అది తెలియదు. కచేరీకి మాత్రం విద్వాంసుని నోరు నొక్కినట్లు ఉంటుంది. రెండు యంత్రాలు ఇక్కడ పోయినవి.

డాక్ పెట్టె ఎందుకంటే, దాని ముఖాన 44.1 అనీ 48 అనీ చిన్న దీపాలు ఉన్నవి. డి.వి.డి. సినిమాల శబ్దం సాధారణంగా సెకనుకు 48,000 కొలతలది. కొన్ని యంత్రాలు సి.డి. పెట్టినా అంకెలను 48,000కు మార్చి పంపుతవి. సరుకు దారిలో మూట విప్పి మళ్లీ కట్టినట్లే గదా. 44.1 దీపం వెలిగిన యంత్రాన్నే తీసుకున్నాము. ఒక యంత్రంలో ఏ దీపమూ వెలగలేదు. చూస్తే మెనూలో డిజిటల్ అవుట్ ఆపి ఉన్నది. టి.వి. తగిలించి పి.సి.ఎం. అని మార్చగానే వెలిగినది. అందుచేత ఎవరైనా కొనేవారు ఆ మెనూ చూడక యంత్రాన్ని తోసివేయవద్దు.

మొట్టమొదట మేము చేసిన తెలివితక్కువ కూడ చెప్పాలి. రెండవ శనివారం సన్నని యంత్రం ఒకటి, చూడ ముచ్చటగా ఉన్నదని కొనుక్కొచ్చినాము. దానికి ముందు అంకెల గాజు లేదు, ముందుకు వెనక్కు జరిపే మీటలు లేవు. ఎన్నవ పాటలో ఉన్నామో తెలియాలంటే టి.వి. పెట్టాలి, జరపాలంటే రిమోటు కావాలి. హాలుకు వచ్చే పెద్దలు ఆ రిమోటును తిరగవేసి పట్టుకుని మమ్ములను తిట్టినారు. మర్నాటి శనివారం దానిని ఇచ్చేసి, ముఖాన అంకెలు కనబడే పాతకాలపు బండయంత్రాన్ని ఎనిమిది వందల రూపాయలకు తెచ్చినాము. మిగిలిన డబ్బు డాక్‌కు, స్పీకర్ల మరమ్మత్తుకు పెట్టినాము. వినబడే తేడా అంతా స్పీకర్లలోనే వచ్చినదని మా అభిప్రాయం.

మన కుర్రవాళ్లు, ఇదంతా ఎందుకు, కంప్యూటరుకు ఎక్కించి ఫోనులో వినండి అంటున్నారు. ఎక్కించడమూ జరుగుతున్నది, రెండుచోట్ల దాచినాము. కాని ఎనభై ఏళ్ల పెద్దమనిషి హాలుకు వచ్చి, తన ప్లేటు తాను పెట్టి, మీట నొక్కి వినాలంటే యంత్రం కావాలి.

అవ్వ ప్లేటు సంగతి. కొత్తగా తెచ్చిన యంత్రం చదివినది. ఏడవ నిమిషంలో మాత్రం తడబడినది. గీత రెండున్నర మిల్లీమీటర్ల లోపు ఉంటే పోయిన అంకెలను యంత్రం లెక్కగట్టి పూర్తిగా రాబట్టుకోగలదు. అంతకు మించితే అటూ ఇటూ చూసి ఊహించి పూరిస్తుంది. ఇంకా మించితే మౌనం. మెత్తని గుడ్డతో మధ్యనుంచి అంచుకు, అడ్డంగా తుడిచినాము. గుండ్రంగా తుడవరాదు, ఎందుకంటే ఆ గీత అంకెల వరుస వెంబడే పడుతుంది. మూడవసారికి ఆగకుండా పాడినది. ఆ పిల్లకు కబురు పంపినాము. వచ్చి రెండు పాటలు విని, “సువ్వి అంటే ఏమిటి?” అని అడిగినది. రోకలిపోటు అని చెబితే, రోకలి అంటే ఏమిటి అన్నది. ఆ అమ్మాయికి రోకలి చూపించే భారం మహిళా విభాగం వారిది.

చివరకు ఒక అపరాధం. 2006 ఉగాది నాటకం ప్లేటు మీద ఎవరో పేరు రాసిన కాగితం అంటించి ఉన్నారు. అది ఒక పక్క లేచి యంత్రంలో తగులుతున్నదని మేము పీకినాము. కాగితంతోపాటు వెండిపొర ఊడి వచ్చినది. సి.డి.లో అంకెలున్న పొర పేరు రాసే వైపునే, పలుచని పూత కింద ఉంటుంది; కింది వైపు గీతలకంటె పైవైపు గీతే ప్రాణాంతకం. ఈ సంగతి మాకు ఆ తరువాత తెలిసినది. ఆ నాటకంలో వేషం వేసినవారిలో ఇద్దరు గతించినారు. వారి కుటుంబాల వారు ఇక్కడే ఉన్నారు, క్షమించవలెనని కోరుతున్నాము.

ఆ ప్లేటుకు నకలు అప్పట్లో మూడు నాలుగు ఇళ్లకు ఇచ్చినట్లు పెద్దలు చెబుతున్నారు. మీ ఇంట్లో అటక మీదనో, టి.వి. కింద సొరుగులోనో ఉంటే, ఎంత పాడైనా సరే, వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు హాలుకు తీసుకురండి. ఎండలో పెట్టకండి. కాగితం అంటించి ఉంటే పీకకండి. పేరు రాయాలంటే కవరు మీద రాయండి, ప్లేటు మీద బాల్‌పెన్ను పెట్టకండి.