చట్రానికి తగిన చిత్రం



డెబ్బయి అయిదు వసంతాలు నిండిన పాఠశాలలో గోడమీది పాత ఛాయాచిత్రాలు ఒక ఆస్తి. నడుమ కుర్చీలలో గురువులు, వెనుక బల్లల మీద నిలిచిన పెద్ద తరగతుల పిల్లలు, ముందు నేలమీద చేతులు కట్టుకొని కూర్చున్న చిన్నవారు, వారి ఎదుట తరగతిని, సంవత్సరాన్ని సుద్దతో వ్రాసిన పలక. తెలుగునాటికి వెలుపల వెలసిన పాఠశాలలో ఆ పలక మీది తెలుగు అక్షరాలకు విలువ మరింత ఎక్కువ. ఆ గదులలో ఏ భాషలో చదువు సాగిందో చెప్పే సాక్ష్యం అది.

ఉత్సవ సమయాలలో ఇట్టి చిత్రాలను స్కానర్ ద్వారా కంప్యూటరులోకి ఎక్కించి, చిన్న ప్రోగ్రాము వ్రాసి తెరమీద చూపించడం పరిపాటి. చిత్రం కొలత ఒకటి; తెరమీద దానికి కేటాయించిన చట్రం కొలత మరొకటి. ఈ రెంటినీ పొందుపరచడమే నేటి ప్రసంగ విషయం. చూడబోతే ఇది హైస్కూలు విద్యార్థి చేయగల నిష్పత్తి లెక్క. కాని లెక్క తప్పినచో నష్టపోయేవి అంకెలు కావు, ముఖాలు.

కంప్యూటరు చిత్రం పుట్టుకలోనే ఒక ముఖం ఉన్నది. 1957లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్ తన సహచరులతో కలసి ఒక ఛాయాచిత్రాన్ని తొలిసారిగా స్కాన్ చేసి కంప్యూటరుకు అందించాడు. అది మూడు నెలల వయస్సు గల ఆయన కుమారుని చిత్రం. అడ్డంగా 176, నిలువుగా 176, మొత్తం 30,976 చుక్కలు. ఆ చుక్కలనే పిక్సెళ్లు అంటారు. నేడు సాధారణ స్కానర్ ఒక బృంద చిత్రాన్ని 3000 పిక్సెళ్ల వెడల్పున, 2000 పిక్సెళ్ల ఎత్తున సులువుగా ఇవ్వగలదు. అనగా అరవై లక్షల చుక్కలు.

ఈ చిత్రాన్ని 800 వెడల్పు, 600 ఎత్తు గల చట్రంలో చూపించాలి అనుకొందాం. మార్గాలు మూడు.

మొదటిది, చట్రం నిండేలా రెండు వైపులా సాగదీయడం. 1990లలో ఎందరో వాడిన విజువల్ బేసిక్‌లోని ఇమేజ్ కంట్రోల్‌కు స్ట్రెచ్ అనే గుణాన్ని కల్పిస్తే జరిగేది ఇదే. వెడల్పు ఒక నిష్పత్తిలో, ఎత్తు మరొక నిష్పత్తిలో తగ్గుతాయి. పై ఉదాహరణలో ప్రతి ముఖమూ ఉండవలసిన దానికంటె నూటికి పన్నెండున్నర వంతులు నిలువుగా సాగుతుంది. పరాయివారికి అది తెలియకపోవచ్చును. తండ్రి ముఖాన్ని వెదకే కుమార్తెకు మాత్రం వెంటనే తెలుస్తుంది.

రెండవది, ఆకారం చెడకుండా చట్రాన్ని నింపి, మిగిలినదాన్ని కత్తిరించడం. అప్పుడు చిత్రం 900 వెడల్పు, 600 ఎత్తు అవుతుంది. ఇరువైపులా యాభయ్యేసి పిక్సెళ్లు చట్రం వెలుపల పడిపోతాయి. ఒక వరుసలో పద్దెనిమిది మంది సమాన దూరంలో చిత్రమంతటా నిలిచి ఉంటే, ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు మాయమవుతారు. అట్టి చిత్రాలలో చివర నిలిచేది తరచుగా ఎవరు? ఆలస్యంగా వచ్చిన విద్యార్థి, గంట కొట్టే బంట్రోతు. ప్రకృతి దృశ్యానికి ఈ పద్ధతి తగును. బృంద చిత్రానికి తగదు.

మూడవది ఉత్తమ మార్గం. చట్రం వెడల్పును చిత్రం వెడల్పుతో భాగిస్తే 0.267, ఎత్తును ఎత్తుతో భాగిస్తే 0.3. వీటిలో చిన్నదానిని గ్రహించి, రెండు కొలతలనూ దానితోనే గుణించాలి. చిత్రం 800 వెడల్పు, 533 ఎత్తు అవుతుంది. మిగిలిన 67 వరుసలను పైనా క్రిందా ఇంచుమించు సమంగా ఖాళీగా విడిచిపెట్టాలి. ఆ ఖాళీని చూసి లోపమని భావించరాదు. ఎవరినీ వక్రీకరించకుండా, ఎవరినీ తొలగించకుండా ఉండడానికి చెల్లించే స్వల్ప మూల్యం అది. విండోస్ ఫారమ్స్‌లోని పిక్చర్‌బాక్స్‌కు 2005 నుండి జూమ్ అనే అమరిక ఈ పనినే చేసిపెడుతున్నది.

స్వయంగా లెక్క వ్రాసే విద్యార్థులు రెండు విషయాలు గమనించాలి. సీ, జావా వంటి భాషలలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశ భాగం రాలిపోతుంది. 800ను 3000తో భాగిస్తే సున్న వస్తుంది, చిత్రమే కనిపించదు. కనుక దశాంశ సంఖ్యలనే వాడాలి. చూసేవారు విండో పరిమాణాన్ని మార్చినప్పుడెల్లా ఈ లెక్కను తిరిగి చేయాలి.

ఇక నాణ్యత సంగతి. ఇంత తగ్గించినప్పుడు సుమారు పద్నాలుగు పాత పిక్సెళ్ల స్థానంలో ఒక కొత్త పిక్సెల్ నిలుస్తుంది. తేలిక పద్ధతి వాటిలో ఒకదానిని తీసుకొని తక్కినవాటిని వదలివేస్తుంది. అప్పుడు పలక మీది సన్నని సుద్దగీతలు తెగిపోతాయి. తెలుగు లిపిలో మొదట చెరిగేవి తలకట్లు, ఒత్తులు. మంచి పద్ధతి అన్నింటినీ పరిగణించి సగటు వంటి విలువను కడుతుంది. కొంత సమయం పట్టినా చిత్రాలకు అదే శ్రేయస్కరం.

చిట్టచివరిది, అన్నింటికంటె ముఖ్యమైనది. తగ్గించిన ప్రతిని ఎన్నడూ అసలు ఫైలు పేరుతో భద్రపరచరాదు. 800, 533 కొలతల ప్రతిలో ఉండేది అసలు చుక్కలలో నూటికి ఏడు వంతులు మాత్రమే. తరువాత దానిని ఎంత పెద్దది చేసినా పోయిన తొంబది మూడు వంతులు తిరిగి రావు. పెద్దది చేసే ప్రోగ్రాము ఉన్న చుక్కల నడుమ ఖాళీలను ఊహతో పూరిస్తుందే గాని, వెనుక వరుసలోని బాలుని కన్నులను తిరిగి తేలేదు. అసలు ఫైలును వేరుగా, రెండు చోట్ల దాచి, ప్రతి పర్యాయం దాని నుండే కొత్త కొలతకు తగ్గించుకోవాలి.

తెరలు మారుతూనే ఉంటాయి. 1987లో వచ్చిన వీజీఏ తెరకు 640, 480 చుక్కలు గొప్ప. నేటి సామాన్యమైన తెరకు 1920, 1080. శతజయంతి నాటి తెర ఎట్టిదో, దాని చట్రం ఎంతటిదో నేడు చెప్పడం సాధ్యం కాదు. అసలు చిత్రం చెక్కుచెదరకుండా ఉంటే ఆ నాటి విద్యార్థి ఆ నాటి చట్రానికి తగినట్లు దానిని అమర్చుకోగలడు. మధ్య కుర్చీలోని గురువర్యులు మొదలు చివర నిలిచిన బంట్రోతు వరకు అందరూ తమ తమ ముఖాలతోనే ఆ తెరమీద దర్శనమిస్తారు.