కరుణయు పరిశీలనయు



ఆపదలోనున్న వారికొరకు ప్రార్థింపుడనిన మన సంఘములలో కాదనువారు లేరు. చందా పుస్తకముతో వచ్చినవారిని ఉత్తచేతులతో పంపుట మనకు అలవాటు లేదు. ఈ మెత్తదనమును కనిపెట్టియే నేడు మన ఫోనులకు విన్నపములు వచ్చుచున్నవి. వెనుకటికి పోస్టుకార్డు వచ్చెడిది: ఇన్ని ప్రతులు వ్రాసి పంచిన మేలు, మానిన కీడు అని. కార్డు పోయి వాట్సాప్ వచ్చినది. బెదిరింపు మాత్రము అదే.

ఇంగ్లండులో క్రెయిగ్ షెర్గోల్డ్ అను బాలుడుండెను. మెదడులో గడ్డ. గ్రీటింగు కార్డుల సంఖ్యలో గిన్నిస్ రికార్డు రావలెనని 1989లో అతనికొరకు విన్నపము బయలుదేరెను. అది కల్ల కాదు. 1990లో 1 కోటి 62 లక్షలకు పైగా కార్డులతో రికార్డు వచ్చెను. 1991లో అమెరికాలోని వర్జీనియాలో శస్త్రచికిత్స జరిగి బాలుడు కోలుకొనెను. ఇక కార్డులు వద్దని ఎంత మొరపెట్టినను ఉత్తరములు ఆగలేదు. చేతులు మారినకొలది పేరు మారెను, గ్రీటింగు కార్డులు విజిటింగు కార్డులాయెను, ఏ సంబంధము లేని మేక్ ఎ విష్ ఫౌండేషన్ పేరు వచ్చి చేరెను. అతడు పెద్దవాడై 2020లో 40 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఉత్తరములలో మాత్రము ఏండ్ల తరబడి చావనున్న పసివాడే!

2007 జూలైలో ఆఫ్ఘనిస్తాన్‌లో దక్షిణ కొరియా సంఘమువారు 23 మందిని తాలిబానులు పట్టుకొనిరి. ఇద్దరిని చంపిరి, తక్కినవారు ఆగస్టు ముగియకముందే విడుదలైరి. అటుపిమ్మట ఎన్నో ఏండ్లు, రేపు 22 మంది మిషనరీలకు మరణశిక్ష, ప్రార్థించి అందరికి పంపుడను సందేశము తిరిగెను. తేదీ లేని రేపు ఎన్నటికి తెల్లవారును?

ప్రార్థించిన నష్టమేమి అందురు. ప్రార్థనకు నష్టము లేదు. కాని రెండుసార్లు మోసపోయినవాడు మూడవసారి తలుపు తీయడు. ఆ మూడవవాడు మన వీధిలోనే డయాలిసిస్ చేయించుకొనుచున్న మనిషి కావచ్చును. మనము భయపడుచున్నది దీనికే.

సందేశము పంపిన ప్రతిసారి ఆసుపత్రికి రూపాయి చేరునను మాటయు వచ్చుచున్నది. వాట్సాప్ సందేశమును ఆ కంపెనీవారే చదువజాలరు. లెక్కించువారెవరు, చెల్లించువారెవరు?

కనుక తేదీ చూతము. సందేశములోని నంబరుకు కాక, మనము వెదకి తెలిసికొన్న ఆసుపత్రి నంబరుకు ఫోను చేయుదము. రోగి మన మండలమువాడని వ్రాసియున్నచో ఆ ఊరి పాస్టరుగారిని అడుగుదము. డబ్బును తెలియని వ్యక్తి ఖాతాకు కాక, రోగి రిజిస్ట్రేషను నంబరు వేసి ఆసుపత్రికే కట్టి రసీదు తీసికొందము.

ప్రతి పాస్టరేటులో కోశాధికారిగారికి తోడుగా ఇద్దరిని, వారిలో ఒకరిని స్త్రీల సమాజమునుండి, ఈ పనికి నియమింపవలెనని కోరుచున్నాము. ఆదివార ప్రకటనలలో ఏ విన్నపమైనను చదువుటకు ముందు వారు విచారించి, రెండు దినములలో జవాబు చెప్పవలెను. రోగి అంతకంటె ఎక్కువ ఆగలేడు గదా.