ఇంటి విమానము: అనుబంధ రచన, పోషణ

(సూరత్ నగరమున జరిగిన వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తపతీ తీరమున ఇందరు తెలుగువారిని ఒక్కచోట చూచుట నాకు పండుగవలె నున్నది. కేంద్ర ప్రభుత్వ శాఖలలో పనిచేయువారే గాక, లింబాయత్, ఉధనా ప్రాంతములలో మగ్గముల చప్పుడు నడుమ జీవితము గడపిన పెద్దలును ఈ సభకు విచ్చేసినారు. కార్యదర్శిగారు నన్ను మాటలాడుమని కోరినప్పుడు నేను ఏ ప్రబంధమును గూర్చియో ప్రసంగింతునని తలచియుందురు. నేను ఎంచుకొన్న విషయము వేరు. ఇంటి కంప్యూటరుపై విమానము నడుపు సిమ్యులేటరునకు అనుబంధములు తయారుచేయుట, చేసినవానిని పోషించుట అనునదే నేటి నా విషయము.

నేను బి.ఏ. చదివినవాడను. ఢిల్లీలో ఫైళ్లు నడుపువాడనే గాని విమానములు నడుపువాడను గాను. అయినను ఈ విషయము గత వేసవిలో ఇక్కడనే, మా చెల్లెలి ఇంట, నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండ చేసెను. ఎందులకో ముందు మనవి చేసెదను.

నేలను విడువకుండ విమానము నడుపుట నేర్పవలెనను కోరిక క్రొత్తది కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అను నతడు 1929లో అట్టి శిక్షణ యంత్రమును నిర్మించెను. అతని తండ్రికి ఆర్గన్ వాద్యములు చేయు కర్మాగార ముండెడిది. మన హార్మోనియమునకు వలె ఆ వాద్యములకును గాలితిత్తులు కలవు. ఆ తిత్తులనే అమర్చి లింక్ తన బొమ్మ విమానము అటునిటు ఒరగునట్లు చేసెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున వేలకొలది వైమానికులు దానిపై శిక్షణ పొందిరి. అర్ధ శతాబ్ది గడచిన పిమ్మట, 1979లో, బ్రూస్ ఆర్ట్‌విక్ ఆ విద్యను ఆపిల్ కంప్యూటరు తెరపైకి తెచ్చెను. 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని ఐ.బి.యం. కంప్యూటర్లకు అందించెను. నేడు మైక్రోసాఫ్ట్ వారి సిమ్యులేటరు, ఎక్స్-ప్లేన్, ఉచితముగా లభించు ఫ్లైట్‌గేర్ అనునవి ప్రసిద్ధములు. ఇంట కూర్చుండి గడపిన గంటలు వైమానికుని అనుభవపు లెక్కలోనికి రావు. అయినను విమాన విద్య నభ్యసించు యువకులు క్రమపద్ధతులను మననము చేసికొనుటకు వీనిని వాడుకొనుచుందురు.

ఇక అనుబంధ మనగా నేమి? ఈ ఊరివారికి దీనిని సులభముగా చెప్పవచ్చును. మగ్గము గుడ్డను నేయును. దానిపై జాకార్డు బిగించినప్పుడు ఆ గుడ్డపై పువ్వులు, నెమళ్లు, మామిడి పిందెలు వెలయును. మగ్గము చేసినవాడు ఒకడు, జాకార్డు చేసినవాడు మరొకడు, అట్టలపై రంధ్రములు కొట్టి డిజైను రచించినవాడు మూడవవాడు. సిమ్యులేటరు అట్టి మగ్గము. దానిలో ఆకాశము, నేల, గాలి, కొన్ని విమానములు ఉండును. ఒక్కొక్క విమానమును మీటమీటతో సహా రచించువారు, ఒక్కొక్క ఊరి విమానాశ్రయమును కట్టుకట్టుగా నిలుపువారు వేరుగా ఉందురు. మూలకర్తలు తమ యంత్రమునకు ఏ కొలతల అట్టలు సరిపోవునో తెలుపు పరికరములను ప్రకటింతురు. ఆ కొలతల ననుసరించి ఎవ్వరైనను అనుబంధము చేయవచ్చును. కొందరు ఉచితముగా నిత్తురు, కొందరు వెలకు అమ్ముదురు.

దీని యవసరము మన హైదరాబాదు ఉదాహరణమున స్పష్టమగును. 2006లో వెలువడిన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరులో హైదరాబాదు విమానాశ్రయ మనగా బేగంపేటయే. 2008 మార్చిలో శంషాబాదు తెరువబడెను, బేగంపేట నుండి ప్రయాణికుల విమానములు నిలిచిపోయెను. తెరపై మాత్రము శంషాబాదు వట్టి నేలగానే యుండెను. మరుసటి సంవత్సరము, 2009 జనవరిలో, ఆ సిమ్యులేటరును నిర్మించిన విభాగమునే మైక్రోసాఫ్ట్ మూసివేసెను. ఇక దిద్దువా రెవరు? అనుబంధములు చేయువారే. 2020 ఆగస్టులో ఆ సంస్థ క్రొత్త తరపు సిమ్యులేటరును విడుదల చేయువరకు పాతదానిని బ్రతికించినవారిలో వారు ముఖ్యులు. ఇల్లు కట్టినవాడు విడిచిపోయినను, అందు కాపురమున్నవారు కప్పు మరమ్మతు చేసికొనుచు నిలిచినట్లు జరిగెను.

ఇప్పుడు మా మేనల్లుని సంగతి. మా బావగారు ఓరుగల్లు ప్రాంతము నుండి ముప్పది యేండ్ల క్రిందట మగ్గముపని వెదకికొనుచు ఈ నగరమునకు వచ్చిరి. ఇప్పుడు జాకార్డులు బిగించుట, మరమ్మతు చేయుట వారి వృత్తి. కుమారుడు ఇంజనీరింగు చదివి, పగలు ఒక కంపెనీలో ఉద్యోగము చేయుచు, రాత్రులు సూరత్ విమానాశ్రయమును తెరపై నిర్మించెను. 2023 డిసెంబరు 17న ఇక్కడ క్రొత్త టెర్మినల్ భవనము ప్రారంభమైనది గదా. ఆ భవనమును, 2,905 మీటర్ల రన్‌వేను, దీపములను, డుమస్ మార్గమును అతడు ఎనిమిది నెలలు శ్రమించి రచించెను. స్వల్పమైన వెల నిర్ణయించి అమ్మకమునకు పెట్టెను. మా చెల్లెలు సంతోషముతో వీధి యంతటికి మిఠాయి పంచెను.

అంతవరకు పెండ్లి. తరువాత సంసారము మొదలైనది.

మూల సిమ్యులేటరులో క్రొత్త మార్పు వచ్చినంతనే కొందరి తెరలపై టెర్మినల్ భవనము నేలకు ఒక మూరెడు పైన తేలియాడెను. మరికొందరికి రన్‌వే నడుమ చెట్లు మొలచెను. ఇంకొకరికి ఒకే చోట రెండు భవనములు ఒకదానిలో నొకటి దూరి కనబడెను. విచారింపగా, ఆయన అదే స్థలమునకు మరొకరి అనుబంధమును గూడ చేర్చియుండెను. ఏది ముందు, ఏది వెనుక అను వరుస తప్పినచో ఇట్లే యగును. నెల తిరుగులోపల ముప్పదికి పైగా ఫిర్యాదులు వచ్చినవి. సగము మంది తమ సిమ్యులేటరు ఏ సంచికయో తెలుపరు. 'పనిచేయుట లేదు' అని మాత్రము వ్రాయుదురు. మన కార్యాలయములకు తేదీ, ఫైలు సంఖ్య లేకుండ వచ్చు అర్జీలు మీకు గుర్తు వచ్చుచుండవచ్చును.

ఆ లేఖలలో నొకటి మాత్రము వేరు విధమున నున్నది. విమాన విద్య నభ్యసించుచున్న ఒక తెలుగు బాలిక వ్రాసినది. ఇక్కడి రన్‌వేకు వేసు దిక్కున ఎత్తయిన కట్టడములు లేచిన కారణమున, ఆ దిక్కున విమానము నేలను తాకవలసిన హద్దు రన్‌వే మొదటి కొసన గాక కొంత లోపలికి జరుపబడిన సంగతి ఈ నగరవాసులకు తెలిసినదే. ఆ కట్టడముల వివాదము న్యాయస్థానము వరకు పోయినది. మా వాడు పాత ఉపగ్రహ చిత్రము నాధారముగా తీసికొని హద్దును మొదటి కొసననే గీచెను. 'అన్నగారూ, మీ చిత్రమునే నమ్మి నెల దినములు అభ్యాసము చేసితిని. ప్రకటిత పటముతో పోల్చి చూచినప్పుడు నా కన్ను తప్పు చోటికి అలవాటు పడినదని తెలిసినది. దయచేసి దిద్దుడు' అని ఆమె లేఖ సారాంశము. కోపపు మాట ఒక్కటియు లేదు.

ఆ రాత్రి మేనల్లుడు భోజనము చేయలేదు. నా ప్రక్కన వచ్చి కూర్చుండి, "మామా, ఇగ నాతోని కాదు. అంత తీసేస్త. కొన్నోళ్లకు పైసలు వాపసు ఇచ్చేస్త" అనెను.

నేను వెంటనే ఓదార్పు మాటలు చెప్పలేకపోయితిని. నాకొక పాత సంగతి జ్ఞాపకము వచ్చినది. దానిని ఇంతవరకు ఏ సభలోను చెప్పలేదు. పదునైదేండ్ల క్రిందట నేనొక విభాగమున పనిచేయుచుండగా, నియమావళికి సవరణ చీటీలు వచ్చుచుండెడివి. ఆ చీటీలను కత్తిరించి ఆయా పుటలలో అంటించుట నా బాధ్యత. పని ఒత్తిడిలో ఒక కట్టను సొరుగులో పెట్టి మరచితిని. ఆ పాత పుటనే చూచి నేను వ్రాసిన నోటు వలన, మరణించిన ఒక ఉద్యోగి భార్యకు రావలసిన కుటుంబ పింఛను ఐదు నెలలు ఆగెను. తప్పు బయటపడినప్పుడు ఆమెకు సొమ్ము చెల్లింపబడెను, నన్నెవ్వరు దండింపలేదు. కాని ఆ ఐదు నెలలు ఆమె పిల్లల బడిజీతము ఎట్లు కట్టెనో నేను అడుగలేదు. అడుగుటకు ధైర్యము చాలలేదు. చీటీ మాత్రము ఆ దినములన్నియు నా సొరుగులోనే యుండెను.

ఈ సంగతిని మేనల్లునికి చెప్పితిని. ప్రక్క గదిలో పడుకొనిన మా బావగారు అంతయు వినుచుండిరి కాబోలు, లేచి వచ్చిరి. వారికి సిమ్యులేటరు సంగతి తెలియదు. కుమారునితో ఇట్లనిరి: "బిడ్డా, మగ్గం మీద పోగు తెగుడు తప్పు గాదు. తెగింది సూసి గూడ మగ్గం నడిపిచ్చుడు తప్పు. ఆపు, అతుకు, మల్ల నడుపు."

నేను చదివిన చదువులో ఇంతకు మించిన మాట నాకు దొరకలేదు.

ఆ రాత్రియే వాడు అమ్మకము నిలిపివేసెను. కొన్నవారందరికి లోపమేమో దాచకుండ వ్రాసెను. మరునాటి రాత్రి మువ్వురము కూర్చుంటిమి. నాకు తెలిసిన పని పటమును, పత్రమును పోల్చి చూచుట గనుక ఆ పనిని నేను చేసితిని. ప్రపంచమంతట వైమానిక సమాచారపు ముఖ్యమైన మార్పులు 28 దినముల కొకసారి వచ్చు నియమిత దినములలో అమలులోనికి వచ్చును. మన దేశమున ఆ సమాచారమును ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా ప్రకటించును. ఆ ప్రకటనను ముందుంచుకొని ఒక్కొక్క గీతను సరిచూచితిమి. హద్దుతో పాటు మరి రెండు తప్పులు దొరకెను. నాలుగవ దినమున సవరించిన సంచిక వెలువడెను. మొదటి ప్రతిని పరీక్షించుటకు ఆ బాలికకే పంపిరి.

ఈ నగర చరిత్రయే ఈ నీతిని చెప్పుచున్నది. పదునేడవ శతాబ్దిలో పెద్ద ఓడలు సూరత్ రేవు వరకు రాలేక సువాలీ వద్ద లంగరు వేసెడివి. తపతీ ముఖద్వారమున ఇసుక మేటలే దానికి కారణము. నిన్నటి లోతు నేటి లోతు కాని చోట, పాత పటమును నమ్మిన నావికుడు మేట నెక్కును.

అంకె యొక్కటి తప్పినను ఎంత జరుగునో చూడుడు. 2020లో క్రొత్త సిమ్యులేటరు వచ్చినప్పుడు మెల్‌బోర్న్ శివారున ఆకాశము నంటు సన్నని గోపుర మొకటి జనులకు కనబడెను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ప్రజాపటములో ఎవరో 2 అంతస్తులని వ్రాయుటకు బదులు 212 అని వ్రాసియుండిరి. పటములో ఆ తప్పును మరొకరు దిద్దిరి గాని, సిమ్యులేటరునకు చేరిన ప్రతిలో ఆ దిద్దుబాటు లేదు. ఆ గోపురమును చూచి లోకమంతయు నవ్వుకొన్నది. ప్రతి తప్పును అంత ఎత్తున నిలిచి కనబడునా? చిన్న గీత తప్పు కంటబడకుండ అభ్యాసములో చేరిపోవును.

కావున ఈ విద్యయందు ప్రవేశించు మన యువకులకు నా అనుభవముతో నాలుగు మాటలు మనవి చేసెదను. మొదటిది, ఏ సిమ్యులేటరునకు, ఏ సంచికకు మీ అనుబంధము సరిపోవునో ముందే స్పష్టముగా వ్రాయుడు. రెండవది, ఏ తేదీ నాటి ఏ పత్రము మీకు ఆధారమో తెలుపుడు. మూడవది, ప్రతి సవరణతోను ఏమి మార్చితిరో, ఏది ఇంకను మిగిలియున్నదో చెప్పుడు. నాలుగవది, ఎంతకాలము పోషింపగలరో ముందే చెప్పుడు. ఆ కాలము తీరిన పిమ్మట మరొకరు కొనసాగించుటకు వీలుగా మూలరచనను అప్పగించుడు. బదిలీ అయినప్పుడు మనము ఫైళ్లను అప్పగించి సంతకము చేయమా? ఇదియు నట్టిదే.

కొనువారికిని ఒక మాట. ఈ సామగ్రి తయారుచేయువారిలో పెక్కుమంది మా మేనల్లుని వలె పగలు ఉద్యోగము చేసి, రాత్రులు మేలుకొనువారు. స్వల్పమైన వెల కూడ ఇయ్యక దొంగప్రతిని వాడుకొనుట, ఆపైన సవరణ రాలేదని నిందించుట న్యాయము కాదు. ఫిర్యాదు వ్రాయునప్పుడు ఆ బాలిక లేఖను తలచుకొనుడు. ఎక్కడ, ఏమి, ఏ ఆధారముతో అను మూడు సంగతులు అందు గలవు. అట్టి ఫిర్యాదు చేసినవానికి సగము పని తగ్గును.

తల్లిదండ్రులతో నేను చెప్పదలచినది ఒక్కటే. పిల్లవాడు తెరముందు కూర్చున్నాడని గద్దించుటకు ముందు ఏమి చేయుచున్నాడో ఒక్కసారి ప్రక్కన కూర్చుండి చూడుడు. మీ వృత్తిలోని మాట వానికి ఎప్పుడు పనికివచ్చునో చెప్పలేము.

గత మాసము మా చెల్లెలు ఫోను చేసి, "అన్నా, పోరడు మల్ల నిద్రపోతలేడు" అనెను. మూలకర్తలు మరల ఏదో మార్చిరట. భవనము ఈసారి నేలలోనికి జానెడు దిగినదట. కారణము వెదకుచు మేలుకొని యున్నాడట. నేను ఆమెను ఓదార్చితిని గాని, లోలోపల సంతోషించితిని. ఫోను పెట్టి, మరునాడు కార్యాలయమునకు పోయి, నా సొరుగు తెరచి చూచుకొంటిని.