బస్టాండు ఎదుటి కాఫీ హోటల్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన హైస్కూలు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను మాత్రం గేటు దాటి, బస్టాండు ఎదురుగా ఉండే కాఫీ హోటల్ గురించి చెబుతాను. వెనక వరసల్లో నవ్వుతున్నారంటే, అక్కడ మీ బాకీలు ఇంకా తీరలేదన్నమాట!

తాటాకు కప్పు, నాలుగు బల్లలు, ఇత్తడి బాయిలరు, గూట్లో రేడియో. యజమానిని అందరం బాబాయ్ అనేవాళ్లం. ఆయనకు కాఫీ కంటే కథ మీదే మోజు. విజయవాడ రేడియోలో బుర్రకథ వస్తుంటే గ్లాసుల చప్పుడు కూడా కానిచ్చేవాడు కాదు.

పత్తి తీతలు ముగిసి, మిర్చి టిక్కీలు గుంటూరు చేరి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో బుర్రకథ దళాలు బయల్దేరేవి. అటు అద్దంకి వైపు, ఇటు చిలకలూరిపేట వైపు పోయేవాళ్లు మన ఊళ్లో బస్సు మారేవారు. డక్కీల తోలు మెత్తబడితే హోటల్ పొయ్యి సెగకు కాచుకునేవారు. సరిగ్గా పలుకుతోందా అని వాయించి చూసేవారు. ఆ చూడటమే అరగంట కచేరీ! నడుమ తంబుర భుజాన వేసుకుని, వేళ్లకు అందెలు తొడుక్కున్న కథకుడు. ఒక పక్క హాస్యం చెప్పే వంత, మరో పక్క రాజకీయం చెప్పే వంత. పలనాటి యుద్ధం నేను పాఠంలో కంటే ముందు అక్కడే విన్నాను. మా సోషల్ మాస్టారు కూడా స్తంభం పక్కన నిలబడి వినేవారు. మమ్మల్ని చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

ఆ కళకు పెద్దదిక్కయిన షేక్ నాజర్ గారు మన గుంటూరు జిల్లావారే. 1920లో పొన్నెకల్లులో, దూదేకుల కుటుంబంలో పుట్టారు. ప్రజానాట్యమండలితో కలిసి ఊరూరా కథ చెప్పారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. పత్తి ఏకేవాడని లోకం చిన్నచూపుతో అనే మాటనే ఆయన తలెత్తుకుని అట్ట మీద వేసుకున్నారు.

ఇక ఇన్నేళ్లు దాచుకున్న మాట. ఆ హోటల్ బయట గోడ గూట్లో రెండు గ్లాసులు విడిగా ఉండేవి. ఎవరి కోసమో మీకు తెలుసు. మా క్లాసులో లెక్కల్లో ఫస్టు వచ్చే మిత్రుడు పల్లె నుంచి వచ్చేవాడు. మేము బల్ల మీద, వాడు వేపచెట్టు కింద. 1968లో ఒక సాయంత్రం దళం వాయిస్తుంటే, బయట వాడు పుస్తకాల మీద వేళ్లతో అదే దెబ్బ వేస్తున్నాడు. కథకుడు విని, “ఎవర్రా అది? లోపలికి రా” అన్నాడు. హోటలంతా మూగబోయింది. బాబాయ్ తల దించుకున్నాడు. కథకుడికి అర్థమైంది. ఒక్క మాట అనకుండా తంబుర తీసుకుని బయటికి నడిచాడు. వంతలు వెనకే వెళ్లారు. చెట్టు కింద నిలబడి డక్కీ వాడి చేతికిచ్చి వాయింపించారు. ఆ గూట్లో గ్లాసులతోనే కాఫీ తాగారు.

నేను బల్ల మీద నుంచి లేవలేదు. వాడు నా ప్రాణస్నేహితుడు. అయినా లేవలేదు.

ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపు. హోటల్ తిరిగి రాదు, రావాలని పూర్తిగా కోరుకోలేను కూడా. నాదొక్కటే కోరిక. ఏటా మన సమావేశంలో ఒక బుర్రకథ దళాన్ని పిలుద్దాం. శాలువాతో సరిపెట్టకుండా తగిన పారితోషికం ఇద్దాం. స్కూలు పిల్లల్లో ఆసక్తి ఉన్నవాళ్లకు వారి చేత నేర్పిద్దాం. మొదటి ఏడాది ఖర్చు నాది.

ఈ సంగతి సభలో చెప్పనా అని నిన్న ఆ మిత్రుణ్ణి ఫోన్‌లో అడిగాను. “చెప్పు. నువ్వు లేవలేదన్నది కూడా చెప్పు” అన్నాడు.

చెప్పాను. వాడు అదిగో, మొదటి వరసలో కూర్చున్నాడు. సెలవు.