రోము నగరమున నేలక్రింది అంతస్తులు



రోము నగరమును గూర్చి మాటలాడువారెల్లరును కొలోసియముతోడనే ఆరంభింతురు. నేనును అచ్చటనే ఆరంభింపవలసియున్నది. ఏలయన, మమ్ము నడిపింపవలసిన మార్గదర్శిని ఉదయమున ఎనిమిదిన్నర గంటలకు ఆ మహాశిథిలమునకు ఎదుట నిలువుడని చెప్పియుండెను. కాని యామె దానివంక కన్నెత్తియైనను చూడలేదు. "దీనిని మీరు బొమ్మలలో చూచియే యుందురు. నేడు మనము చూడబోవునవి వీథిలోనుండి కానరావు" అని, మడిచిన గొడుగును పైకెత్తిపట్టి ముందు నడచినది. ఆమె వెనుక మేము తొమ్మిదిమందిమి. ఆమెకు అరువదియేండ్లు దాటియుండును. పూర్వము బడిలో లాటిను చెప్పినదట. ఆ పంతులమ్మ ధోరణి యింకను వదలలేదు. వెనుకబడినవారిని పేరుపెట్టి పిలుచుచుండెను.

పాతనగరములలో నేల యేల పెరుగునో ముందుగా చెప్పవలెను. ఇల్లు కూలును. కూలిన మంటినీ రాతినీ ఎవ్వరును దూరముగా మోయరు. చదునుచేసి దానిపైననే మరల కట్టుదురు. రోములో దీనికితోడు టైబరునది వరదలు తెచ్చిన ఒండు. మన పల్లెలలో పాటిదిబ్బలు ఏర్పడిన విధమే యిది. భేద మేమనగా, మన పాటిమట్టిని రైతులు పొలములకు తోలుకొనిపోయిరి. రోములో దానిపై దేవాలయములు లేచినవి.

మొదట చీలియను కొండమీద జాను, పాలు అను పునీతుల పేర వెలసిన దేవాలయమునకు పోయితిమి. సందులో నిలిచి ప్రక్కగోడను చూచినచో, పూడ్చివేసిన వాకిండ్లును కిటికీలును వరుసగా తెలియును. అది పురాతనమైన యొక అద్దెయింటి వీథిగోడ. దానిని పడగొట్టక, అట్లే గుడిగోడగా వాడుకొనిరి. 1887లో ఒక మతాచార్యుడు అడుగున త్రవ్వింపగా, ఇరువదికి పైబడిన గదులు బయల్పడినవి. వానిలో నొకదానియందు జలదేవతల చిత్రమును, వేరొకదానియందు చేతులెత్తి ప్రార్థించు మూర్తియు నున్నవి. చూచి త్వరగానే బయటికి వచ్చితిమి. ఆమె మనస్సంతయు తరువాతి చోటిమీదనే యున్నది.

ఆ చోటు సాన్ క్లెమెంటె. కొలోసియమునుండి నాలుగడుగులు. వీథిలోనుండి చూచిన విశేషమేమియు తోచదు. లోనికి పోగా, 12వ శతాబ్దమున కట్టిన దేవాలయము, గర్భగృహము వెనుక బంగారుపలుకుల చిత్రము. సిలువయే వృక్షమై, దానినుండి తీగలు సుడులు తిరిగి గోడనంతయు కప్పివేసినవి. సిలువపై పండ్రెండు తెల్లపావురములు. అడుగున నీరు త్రాగు లేళ్లు. చాలసేపు ఇచ్చటనే నిలువవలెనని నాకు తోచినది. కాని గొడుగు పైకి లేచినది.

1857 వరకు ఈ గుడియే ప్రాచీనమైనదని యెల్లరును నమ్మిరి. ఇచ్చటి ఐర్లండు దేశపు సన్న్యాసులలో మల్లూలీ అను నాయన ఆ సంవత్సరమున నేల త్రవ్వించి, దీని క్రింద 4వ శతాబ్దపు గుడి మరియొకటి యున్నదని కనుగొనెను. పైగుడి కట్టునపుడు క్రిందిదానిని మంటితోను రాతితోను నింపి, దానినే పునాది చేసికొనిరి. 1084లో నార్మనులు నగరముపై పడినపుడు గుడి చెడినదని కొందరును, వీథి యెత్తు పెరుగుటచే దానిని విడిచిరని కొందరును చెప్పుదురు. కారణ మేదైనను, పూడ్చుటయే దానిని కాపాడినది. ఎండయు వానయు తగులక, గోడల చిత్రములు నిలిచినవి.

ఆ చిత్రములలో నొకటి మన తెలుగువారికి నవ్వు తెప్పించును. సిసిన్నియ సను ఘనుడు పునీత క్లెమెంటును కట్టి యీడ్చుడని సేవకుల కాజ్ఞాపించును. వారి కన్నులకు మాయ క్రమ్మి, రాతికంబమును కట్టి యీడ్చుచుందురు. బొమ్మల ప్రక్క మాటలు వ్రాసియున్నవి. పునీతుని మాట లాటినులో. యజమానుని తిట్టుమాత్రము నాటి వాడుకభాషలో. 11వ శతాబ్దాంతమున లిఖితమైన ఈ మాటలు ఇటలీ వాడుకభాషకు తొలి నిదర్శనములలో నొకటి. మన నాటకములలో రాజులకు సంస్కృతము, సేవకులకు ప్రాకృతము. ఇచ్చట యజమానుడే వీథిభాషలోనికి దిగినాడు. గ్రాంథిక వ్యావహారిక వివాదములు చేసినవారు దీనిని చూచియుండిన, ఏ పక్షము వారెట్లు వాదించియుందురో!

మరి నాలుగడుగులకు ఒక పాలరాతి పలక. దానిని కీలుపై తిరుగునట్లు నిలిపిరి. ఒకవైపున పాత రోమను మతస్థుల శాసనము. త్రిప్పగా, రెండవవైపున క్రైస్తవుల శాసనము. పాలరాయి ప్రియమైనది; కావున వెనుకటివారి రాతిని తిరుగవేసి తరువాతివారు వాడుకొనిరి. అందరును ముందుకు సాగిపోయిరి. నేను మాత్రము ఆ పలకను రెండుమారులు త్రిప్పి, అచ్చటనే నిలిచిపోయితిని.

నేను అమరావతికి దగ్గరి పల్లెవాడను. మా పెరటిలో నూతియొద్ద బట్టలుదుకు బండ యొకటి యుండెడిది. పైవైపు నున్నగా అరిగినది. నాకు ఏడెనిమిది యేండ్లప్పుడు దానిని కదల్పగా, క్రిందివైపున సగము పద్మమును, ఒక స్త్రీమూర్తి చేయియు కనబడినవి. కొత్తచావడి కట్టునపుడు మా తాతగారు దానిని రెండు ముక్కలు చేయించి పునాదిలో వేయించిరి. అది తప్పని ఇంటిలో నెవ్వరును అనుకొనలేదు. అమరావతి దిబ్బమీది రాళ్లను జమీందారీ కట్టడములకు వాడిన కాలము 18వ శతాబ్దాంతమే. 1797లో మెకంజీ దొర వచ్చి చూచుసరికే త్రవ్వకము సాగుచుండెను. మిగిలిన శిల్పములలో కొన్ని లండనున, కొన్ని చెన్నపట్టణమున, కొన్ని అమరావతిలోనే యున్నవి. మా యింటి రాయిమాత్రము ఏ పట్టికలోను లేదు.

పంతులమ్మ వెనుకకు వచ్చి, ఏమైనదని అడిగినది. చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "మావారు ఫోరములోని పాలరాతిని బట్టీలలో కాల్చి సున్నము చేసిరి. మీ తాతగారు పునాదిలోనైన వేసిరి" అని, చేయి పట్టుకొని మెట్లు దింపినది.

ఇంకను క్రిందికి దిగినచో, మూడవ అంతస్తు. గోడలు చెమరించియుండును. 2వ శతాబ్దాంతముననో 3వ శతాబ్దాదియందో యేర్పడిన మిథ్రాసు దేవుని పూజాగృహ మిచ్చట నున్నది. గుహవలె కమానుకప్పు, ఇరువైపుల అరుగులు, నడుమ ఆ దేవుడు వృషభమును వధించు శిల్పము గల బలిపీఠము. మన ఋగ్వేదములోని మిత్రుడును, ఇరానీయుల మిథ్రుడును, ఈతడును పేరున జ్ఞాతులు; పూజావిధానమున ఎంత చుట్టరికమో పండితులింకను వాదించుచున్నారు. పురుషులే చేరి, ఈ యరుగులపై ఒరగి భోజనము చేసెడివారట. ఇరుకైన సందునకు ఆవల, పెద్దపెద్ద రాళ్లతో కట్టిన 1వ శతాబ్దపు కట్టడ మొకటి కలదు. అది ప్రభుత్వ టంకశాల యని కొందరి యూహ.

అందరిని మాటలాడవలదని సైగచేసి ఆమె నిలిచినది. గోడ వెనుక నీరు పారుచున్న చప్పుడు! పూర్వము ఈ అంతస్తు నీటమునిగియుండెను. 1912 మొదలు 1914 వరకు దాదాపు 700 మీటర్ల సొరంగము త్రవ్వి, ఆ నీటిని నగరపు ప్రాచీనమైన మురుగుకాలువలోనికి మరల్చిరి. ఆ పని చేయకున్న, మేము నిలిచిన చోట నడుములోతు నీరుండెడిదేమో.

మరల పైకి వచ్చితిమి. మధ్యాహ్నమైనది. తరువాత నికొలా గుడిగోడలో ఇరుక్కొనియున్న పాత దేవాలయముల కంబములను చూచితిమి. 609లో క్రైస్తవుల దేవాలయముగా మారుటచే నిలిచిన పాంథియనును చూచితిమి. అవన్నియు చెప్పుటకు నాకిచ్చిన కాలము చాలదు. చూచినదియు సగము మనస్సుతోడనే.

స్వదేశమునకు వచ్చిన పిదప, సంక్రాంతికి మా పల్లెకు పోయితిని. చావడి పాతబడినదనియు, ఉగాది వెళ్లిన తరువాత పడగొట్టి డాబా వేయుదుననియు మా తమ్ముడు చెప్పినాడు. నైరృతిమూల పునాదిని యంత్రముతో పెకలింపవలదనియు, నేను వచ్చువరకు మనుష్యులచే పలుగుతో మెల్లగా విప్పింపుమనియు అడిగితిని. "కూలి రెట్టింపగునన్నయ్యా" యన్నాడు. ఆ రెట్టింపు నేనిత్తునంటిని. పురావస్తుశాఖవారికిని ఒక లేఖ వ్రాసితిని. వచ్చువారము పోవుచున్నాను.