ఇండ్లమీది పెద్దకొమ్మలను తొలగించు విధము
(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వరకును, ఇటు కొల్లేటి లంకలలోను చెట్టు నీడలేని గ్రామము అరుదు. బాటప్రక్కన నిద్రగన్నేరు, చెరువుగట్టున రావి, పెరటిలో వేప, మామిడి మనలను చల్లగా కాపాడుచున్నవి. ఆ నీడలోనే ఇండ్లు వెలసినవి. ఒకనాడు మొక్కగా నాటినది నేడు ఇంటికప్పుపైకి కొమ్మ చాచినది. అది విరుగునాడు క్రింద నిద్రించు కుటుంబమునకు ముందుగా చెప్పి విరుగదు.

మన తీరమునకు గాలివాన క్రొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను, 1996 నవంబరు 6న కోనసీమను, 2014 అక్టోబరు 12న విశాఖపట్నమును తాకిన తుపానులలో లెక్కకు మించిన చెట్లు నేలకూలినవి. పైగా కొల్లేరు బుడమేరు, తమ్మిలేరుల నీరు చేరు పల్లము. నీరు నిలిచిన నేలలో వేళ్లు లోతుగా దిగవు. నానిన మట్టి వాటిని గట్టిగా పట్టియుంచదు. కావున తుపాను హెచ్చరిక విన్న తరువాత గొడ్డలి వెదకుట ఆలస్యమగును. ఎండిన కొమ్మ, చీలిన పంగ, తొఱ్ఱపడిన మొదలు, పుట్టగొడుగులు మొలచిన బెరడు ఎచ్చటెచ్చట గలవో వేసవిలోనే చూచి జాబితా వ్రాసికొనవలెను.

అడుగు మందము, పదియడుగుల పొడవు గల పచ్చికొమ్మ సుమారు రెండు క్వింటాళ్లు తూగును. అంత బరువు ఒక్కసారిగా పడినచో పెంకుటిల్లు తాళజాలదు. కనుక కొమ్మను పడవేయరాదు; మోకుతో కట్టి దింపవలెను.

మొదట చెట్టెక్కువాడు నరకబోవు కొమ్మకు గాక, వేరొక గట్టి భాగమునకు తన నడుము త్రాడు కట్టుకొనవలెను. పిమ్మట కొమ్మకు కట్టిన మోకును దానికి పైనున్న బలమైన పంగలోనుండి గాని, అచ్చట కట్టిన కప్పీలోనుండి గాని క్రిందికి తేవలెను. దానిని చెట్టు మొదలుచుట్టు రెండు మూడు చుట్లు త్రిప్పినచో ఆ ఒరిపిడియే బరువు మోయును. క్రిందివాడు కొద్దికొద్దిగా వదలిన చాలును. మోకును చేతికి, నడుమునకు చుట్టుకొనరాదు. మోకు వదులుగా ఉండరాదు. జారిపడి ఆగిన కొమ్మ తన బరువునకు ఎన్నో రెట్లు లాగి మోకును త్రెంపును. కొమ్మ కొసకు మరొక త్రాడు కట్టి ఇంటికి దూరముగా మళ్లించుచుండవలెను. ఎండకు మాడిన పాత వలత్రాళ్లను ఈ పనికి వాడరాదు.

కొసనుండి మొదటివైపు చిన్న ముక్కలుగా కోయుట మేలు. ముందు అడుగుభాగమున నాలుగవవంతు కోసి, తరువాత కొంచెము వెలుపలగా పైనుండి కోయవలెను. లేనిచో బెరడు మాను పొడవున చీలును. మిగిలిన మోడును మొదటి ఉబ్బును గాయపరచక, దాని వెలుపల కోసినచో చెట్టు తన గాయమును తానే మాన్పుకొనును. కోయుచున్న కొమ్మకు నిచ్చెన ఆనించరాదు. బరువు తగ్గగానే కొమ్మ పైకి లేచి నిచ్చెన జారును.

పని ముగియువరకు ఇంటివారిని, పిల్లలను, పశువులను దూరముగా ఉంచవలెను. గాలిలో, వానలో పని సాగింపరాదు. ప్రక్కన విద్యుత్ తీగెలున్నచో శాఖ సిబ్బంది వచ్చి సరఫరా నిలిపి, నిలిపితిమని చెప్పినదాక చెట్టెక్కరాదు. చెట్టును మొదలంట నరకదలచినచో 2002 నాటి వాల్టా చట్టము ననుసరించి అనుమతి పొందవలెను. 1999లో ప్రకటింపబడిన కొల్లేరు అభయారణ్య పరిధిలో అటవీశాఖవారి అనుమతి లేనిదే కొమ్మ ముట్టరాదు. గూడబాతులు, కొంగలు పిల్లలను సాకు కాలమున ఈ జాగ్రత్త మరింత అవసరము.

ఇంకొక్క మాట. చౌకగా ముగించవలెనని ఒక్కనికి గొడ్డలి యిచ్చి చెట్టెక్కించు గ్రామములు గలవు. ముగ్గురు నలుగురు చేయవలసిన పని యది. మంచి మోకునకు, అదనపు కూలికి అగు వ్యయము స్వల్పము. చెట్టుపైనుండి పడిన కూలివాని ఇంటి నష్టమును ఏ పంచాయతీయు తీర్చజాలదు. తీర్మానము వ్రాయునపుడు ఇంటికప్పుతోపాటు, ఆ కొమ్మపై నిలుచు మనుష్యుని ప్రాణమును కూడ లెక్కలోనికి తీసికొనుడని మేము మిమ్ము కోరుచున్నాము.